పచ్చగా ఉన్న మొక్కతోనూ తెగులు రావచ్చు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ భాగంలో తోటలోని చెట్లకు, పొదలకు సోకే తెగుళ్ళ గురించి మాట్లాడుకుందాం. ఆకు మీద మచ్చ కనబడగానే ఏ మందు కొట్టాలని అందరూ అడుగుతారు. మీరేమో అప్పటికే ఆలస్యమైందని అంటారు. ఎందుకండీ?

అతిథి: ఆకుమచ్చ, బూడిద తెగులు వంటివి చూడటానికి వికారంగా ఉన్నా, ఎదిగిన చెట్టును చంపడం అరుదు, వాటి కోసం అంత హైరానా పడనక్కర్లేదు. చెట్టును నిలువునా ఎండబెట్టేవి వేళ్ళలోనో, బెరడు కిందో, నీటిని మోసే నాళాల్లోనో పనిచేస్తాయి కాబట్టి, ఆకుల్లో జాడ తెలిసేసరికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. పైగా వాటిలో కొన్ని మనం కొని తెచ్చిన మొక్కతోనే, దాని వేళ్ళకు అంటిన మట్టితోనే తోటలో అడుగుపెడతాయి.

వ్యాఖ్యాత: ఒక ఉదాహరణ చెప్పండి.

అతిథి: జైలెల్లా ఫాస్టిడియోసా అనే బాక్టీరియాను 2013లో దక్షిణ ఇటలీలోని అపూలియా ఆలివ్ తోటల్లో గుర్తించారు, ఆ తర్వాత అక్కడ లక్షలాది చెట్లు ఎండిపోయాయి. రసం పీల్చే కొన్ని పురుగులు దాన్ని ఒక మొక్క నుంచి మరో మొక్కకు చేరవేస్తాయి. నాళాలు మూసుకుపోవడంతో ఆకు అంచులు నీరు చాలనట్టుగా మాడతాయి, పాపం తోటమాలి ఇంకాస్త నీరు పోస్తాడు. గన్నేరుతో సహా 500కు పైగా వృక్షజాతుల్లో అది బతకగలదు, ఎన్నో జాతుల్లో ఏ లక్షణమూ బయటపడదు. సోకిన చెట్టును పూర్తిగా నయం చేసే మందు లేదు. అందుకే ఇతర దేశాల నుంచి కొమ్మ ముక్కలను సామానులో దాచి తేవడాన్ని నేను చిన్న తప్పుగా చూడలేను.

వ్యాఖ్యాత: మరి కొనేటప్పుడు కంటితో పట్టుకోగలిగినవి ఏమీ లేవా?

అతిథి: ఫైటోఫ్తొరా అనే, బూజును పోలిన సూక్ష్మజీవి వల్ల వచ్చే వేరుకుళ్ళు ఉంది. మొక్కను కుండీలోంచి మెల్లగా బోర్లించి తీయండి. ఆరోగ్యంగా ఉన్న వేరు కొస సాధారణంగా తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టి లాగితే గోధుమరంగు పైపొర ఒరలా ఊడి వచ్చి, నడిమి పోగు మాత్రం మిగులుతుంది. కొన్ని మందులు ఈ తెగులును చంపకుండా అణచి ఉంచుతాయి కనుక, అమ్మేచోట నవనవలాడిన మొక్క మందు ప్రభావం తగ్గాక వాడిపోవచ్చు.

వ్యాఖ్యాత: తోటలోని చెట్టే ఎండుతుంటే?

అతిథి: మొదలు దగ్గర బెరడును కత్తి మొనతో గోరంత మేర గీకి చూడండి. లోపల లేతాకుపచ్చగానో తెల్లగానో ఉంటే అక్కడ ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగు తిరిగి ఉంటే ఆ భాగం చచ్చిపోయినట్టు. వేరుకుళ్ళు అని తేలితే చెట్టును వేళ్ళతో సహా తీసివేసి, ఆ మట్టిని మరో మడికి తీసుకువెళ్ళకుండా, పారకూ చెప్పులకూ అంటినదంతా కడిగివేయండి. కత్తిరింపు పనిముట్లను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

వ్యాఖ్యాత: కొత్త మొక్కను కొన్నాళ్ళు విడిగా ఉంచితే సరిపోతుందా?

అతిథి: ఉంచడం మంచిదే. అయితే ఫైటోఫ్తొరా సిద్ధబీజాలు, అంటే అది వ్యాపించడానికి విడుదల చేసే సూక్ష్మమైన కణాలు, నీటిలో ఈదగలవు కాబట్టి, ఆ కుండీ నుంచి కారే నీరు మిగతా కుండీల కిందికి పారకుండా చూడండి.