స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య

అందరికీ నమస్కారం. ఈ రెండు బల్లల మీదున్నవి కలిపి నేను చేసిన ఒక వాద్యం.

ఈ బల్ల మీదున్న ఏనుగు అంబారీ అమ్మ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొండపల్లి బొమ్మ. తెల్లపొణికి కర్ర చెక్కి, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపిన మక్కుతో భాగాలు అతికించి, రంగులు వేస్తారు. మావటి ఎప్పుడో పోయాడు. పాత రంగు నేను ముట్టుకోలేదు. విరిగిన కాలు మాత్రం మక్కుతోనే అతికించి, అతుకు కనబడాలని కాస్త వేరే ఎరుపు వేశాను.

ఎనిమిది అడుగుల దూరంలో, ఆ బల్ల మీదున్నది నాన్న రేడియో. అది పనిచెయ్యదు. నాబ్‌కి రాగిరేకు చుట్టాను.

రాత్రి భోజనాలయ్యాక నాన్న నా చెయ్యి తన చేతికింద పెట్టుకుని, మీడియం వేవ్‌లో విజయవాడ కోసం ఆ నాబ్ తిప్పించేవారు. వార్తల్లో ఏం చెప్పారో ఒక్కటీ గుర్తులేదు. స్టేషన్ దొరికేలోపు వచ్చే 'కూ...య్' మాత్రం చెవిలో ఉండిపోయింది. దగ్గరదగ్గర ఫ్రీక్వెన్సీల తరంగాలు రెండు కలిస్తే, వాటి తేడా మనకి ఈలలా వినబడుతుంది. నేను చెయ్యాలనుకున్నది ఆ ఈలని.

దారి చూపించింది అమెరికాలో సిన్సినాటికి చెందిన రీడ్ గజాలా. 1960ల్లో, ఇంకా కుర్రవాడిగా ఉన్నప్పుడు, వెనక మూత లేని బుల్లి ఆంప్లిఫైయర్‌ని సొరుగులో పెట్టి మూశాడు. అది లోహానికి తగిలి షార్టయి, వింత ధ్వనులు మొదలయ్యాయి. ఆ తర్వాత పిల్లల ఎలక్ట్రానిక్ బొమ్మలు విప్పి, తీగలు కలిపి, రంగులు వేసి వాద్యాలు చేశాడు. ఈ పనికి సర్క్యూట్ బెండింగ్ అని పేరు పెట్టింది ఆయనే. కొన్నిటికి వేలు పెట్టే లోహపు బిళ్లలుంటాయి. ఒంట్లోంచి కరెంటు పారి ధ్వని మారుతుంది. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

నా సర్క్యూట్ చాలా చిన్నది. స్వరం పుట్టించే 555 ఐసీ అనే చిన్న చిప్పు, కెపాసిటర్, స్పీకరు, 9 వోల్టుల బ్యాటరీ. స్వరాన్ని నిర్ణయించే రెసిస్టర్, అంటే కరెంటుని అడ్డుకునే భాగం, ఉండాల్సిన చోటు దాదాపు ఖాళీగా వదిలేశాను. అక్కడికి రావలసింది మనిషి చర్మం. చేతికి చెమట పట్టినా, గట్టిగా నొక్కినా నిరోధం తగ్గి స్వరం పైకి పోతుంది. ఎండాకాలం మా ఇంట్లో ఒకలా, ఈ ఏసీ హాల్లో ఇంకోలా పలుకుతుంది. ఇక్కడున్న విద్యార్థులకి ఒక మాట: బ్యాటరీతో నడిచేవే విప్పండి. ప్లగ్గులో పెట్టే వస్తువు జోలికి దయచేసి వెళ్లొద్దు.

మొదట, చర్మం తగలాల్సిన రెండు లోహపు బిళ్లలూ ఏనుగు మీదే పెట్టాను. ఎవరికి వారు వాయించుకునేవారు. బాగానే పలికింది కానీ, అందులో నాన్న చెయ్యి లేదు. అందుకే ఒక బిళ్లని తీసేసి, దాని తీగని నాబ్‌కి కలిపాను. ఇప్పుడు ఒక్కరికే రెండూ అందవు.

మొన్న అమ్మ ఏనుగు మీద వేలు పెట్టింది, నేను నాబ్ పట్టుకున్నాను. చప్పుడు లేదు. రెండో చెయ్యి ఇమ్మన్నాను. సన్నగా మొదలైంది. అమ్మ నా చెయ్యి నొక్కింది, ఈల పైకి పోయింది. కాసేపు విని, "మీ నాన్న ఇంకొంచెం ఎడమకి తిప్పేవారు" అంది.