ఆంబోతు నడిచిన దారి: ఐర్లండ్ ఊరి పేర్ల కథలు

అధ్యక్షులవారికి, గ్రంథాలయ కార్యవర్గానికి, సాయంత్రం పనులు మానుకొని వచ్చిన మీకందరికీ నమస్కారం. వారోత్సవాల ఆహ్వానపత్రికలో నా అంశాన్ని ‘మధ్యయుగ ఐర్లండ్ వీరగాథలు’ అని అచ్చువేశారు. వీరుల గురించి తప్పకుండా చెబుతాను. అయితే ఆ వీరుల కంటే వారు పోరాడిన ఏటి రేవులు, ఒరిగిన దిబ్బలు, వాటికి నిలిచిపోయిన పేర్లు నన్ను ఎక్కువగా పట్టుకున్నాయి కనుక, ప్రసంగం అటు మళ్లితే మన్నించండి.

ముప్పై ఏళ్లు ఆస్తి బదిలీ చట్టం బోధించినవాడికి ఐర్లండ్ పాత కథలతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ చట్టమే నన్ను అక్కడికి తీసుకువెళ్లింది. 1882లో ఆ చట్టం వచ్చిన నాటికి వైస్రాయి మండలిలో న్యాయసభ్యుడిగా ఉన్నవాడు విట్లీ స్టోక్స్. డబ్లిన్‌లో పుట్టి, 1862లో మద్రాసు వచ్చి, మన కోస్తా, రాయలసీమ జిల్లాల వ్యాజ్యాలు కూడా చేరే ఆ హైకోర్టులో న్యాయవాదిగా పనిచేశాడు. పగలు చట్టాల ముసాయిదాలు చూసిన ఆ మనిషే పాత ఐరిష్ రాతప్రతులను పరిష్కరించి, 1866లో ఒక పుస్తకాన్ని కలకత్తాలోనూ, 1870లో మరొకదాన్ని సిమ్లాలోనూ అచ్చువేయించాడు. ఐరిష్ చదవగలిగినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేని ఊళ్లలో ఆ అక్షరాలు అచ్చయ్యాయి. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ చట్టాన్ని నేను మునుపటిలా చదవలేకపోయాను. స్వదేశానికి వెళ్లాక, 1894, 1895 సంవత్సరాలలో, స్టోక్స్ ప్రచురించిన వాటిలో ఒకటి నేటి నా అసలు విషయం. దాని పేరు దిన్‌షెనహస్.

దిన్ద్ అంటే పేరుపొందిన చోటు. షెనహస్ అంటే పూర్వుల వృత్తాంతం. మన స్థలపురాణం అనే మాట దీనికి చాలా దగ్గరగా వస్తుంది. కొండ, వాగు, మైదానం, రేవు, సమాధి దిబ్బ, ఇలా ఒక్కొక్కదానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో వచనంలోనూ పద్యంలోనూ చెప్పే ఈ సంకలనం పన్నెండవ శతాబ్దపు లెన్‌స్టర్ గ్రంథంలోనూ, ఆ తరువాతి రాతప్రతులలోనూ మిగిలింది. అక్కడి ఆస్థానకవులకు పన్నెండేళ్ల చదువు ఉండేది. అందులో ఎనిమిదో ఏట ఈ స్థలవృత్తాంతాలు నేర్వాలి. కథలన్నీ తరచుగా ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: ‘ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?’ వెంటనే జవాబు: ‘చెప్పడం కష్టం కాదు.’

బోయిన్ నది కథ వినండి. నెహ్తన్ అనేవాడి ఇంటి ఆవరణలో ఒక రహస్యపు బావి ఉండేది. నెహ్తనూ, అతనికి పానపాత్ర అందించే ముగ్గురు సేవకులూ తప్ప ఎవరూ దాని దగ్గరికి పోకూడదు. అతని భార్య బోవన్ ఆ కట్టడిని లెక్కచేయక బావి చుట్టూ మూడుసార్లు అప్రదక్షిణంగా తిరిగింది. బావిలోంచి మూడు అలలు లేచి ఆమె కాలొకటి, చేయొకటి, కన్నొకటి హరించాయి. ఆ అవమానంతో ఆమె సముద్రం వైపు పరుగెత్తింది. నీళ్లు ఆమెను తరుముకుంటూ వెళ్లాయి. ఆమె పరుగెత్తిన దారే నది. ఇక భాషాశాస్త్రాన్ని అడిగితే, రెండవ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ నదిని బువిందా అని రాశాడనీ, ఆ పేరుకు తెల్లని ఆవు అని అర్థమనీ చెబుతుంది. ఐరిష్ ‘బో’ మన ‘గో’ శబ్దానికి దాయాది.

ఇక్కడ నా మనసులోని ఒక బాధ చెప్పుకోక తప్పదు. కొన్నేళ్ల కిందట ఈ కథల మీద శ్రమపడి రాసిన వ్యాసాన్ని ఒక పత్రికకు పంపాను. సంపాదకులు తిప్పి పంపుతూ, ‘ఇవన్నీ తప్పుడు వ్యుత్పత్తులే కదా, వీటివల్ల పాఠకుడికి ప్రయోజనమేమిటి?’ అని రాశారు. ఆ వాక్యం నన్ను ఇప్పటికీ వదలలేదు. అయ్యా, ఆ కవులు నిఘంటువు రాస్తున్నారని మీకెవరు చెప్పారు? ఒకే పేరుకు రెండు మూడు కథలు చెప్పి, నడుమ ‘లేదా’ అని మాత్రమే రాసి, ఏదీ కొట్టివేయకుండా విడిచిపెట్టిన చోట్లు ఆ సంకలనంలో ఎన్నో ఉన్నాయి. ఒక్క జవాబే కావాలనుకునేవాడు అలా రాయడు. ఒక చోటును గురించి జనం ఏమేమి చెప్పుకున్నారో అదంతా దక్కించుకోవాలనుకునేవాడే అలా రాస్తాడు.

వీరగాథల మాటకు వస్తాను. వాటిలో పెద్దది టాయిన్ బో కూల్న్యె. విరాటపర్వం చదివినవారికి ఒక్క ముక్కలో చెప్పాలంటే అది గోగ్రహణం. కొనాక్ట్ రాజ్యపు రాణి మేవ్, ఆమె భర్త అలిల్ పడకమీద ఎవరి ఆస్తి ఎక్కువని లెక్కలు వేసుకుంటారు. అన్నీ సమానం, అలిల్ మందలోని తెల్లకొమ్ముల ఆంబోతు ఒక్కటే ఎక్కువ. దానికి దీటైన గోధుమరంగు ఆంబోతు అల్‌స్టర్ రాజ్యంలో, నేటి లౌత్ కౌంటీలోని కూల్న్యెలో ఉంది. దానికోసం మేవ్ సైన్యాన్ని నడిపిస్తుంది. అల్‌స్టర్ వీరులు శాపవశాన ప్రసవవేదన వంటి నొప్పులతో పడిపోగా, కూ హులిన్ అనే పడుచువాడు ఒక్కడే రేవు రేవునా నిలబడి పోరాడతాడు. చివరకు తనతో కలిసి విద్య నేర్చిన ఫెర్‌దియాను ఒక రేవులో చంపవలసి వస్తుంది. నాలుగు రోజుల పోరు అది. తొలి రాత్రి కూ హులిన్ తన గాయాలకు దొరికిన మూలికల్లో సగం అతనికి పంపాడు. ఫెర్‌దియా తన భోజనంలో సగం ఇతనికి పంపాడు. ఆ రేవుకు ఫెర్‌దియా రేవు అని పేరు. నేటి ఆర్డీ పట్టణం అదే.

అయితే కథ అక్కడ ముగియదు, ముగింపు ఆంబోతులది. రెండూ రాత్రంతా ఐర్లండ్ పొడుగునా పోరాడతాయి. తెల్లవారేసరికి గోధుమరంగు ఆంబోతు రెండోదాని కళేబరాన్ని కొమ్ములమీద మోసుకుంటూ ఇంటిదారి పడుతుంది. తల విదిలించిన చోటల్లా ఒక ముక్క, ఆ ముక్కతో ఒక పేరు. తుంటి మాంసం పడిన చోటు ఆహ్ లువాన్, నేటి అథ్లోన్. లువాన్ ఒక మనిషి పేరని పరిశోధకులు చెబుతారు. పక్కటెముకలు ఎగిరిపడిన చోటు ఆహ్ క్లీయా. డబ్లిన్‌కు నేటికీ ఐరిష్‌లో వాడే పేరులో ఉన్నవి ఈ మాటలే. దాని అసలు అర్థం తడికల రేవు. తడికకూ పక్కటెముకల గూటికీ ఆ భాషలో ఒకే మూలం నుంచి వచ్చిన మాటలున్నాయి. పల్లెలో తడిక అల్లినవారు మీలో ఉంటే చెప్పండి, ఆ అల్లికను చూస్తే ఎముకల గూడు గుర్తుకు రాదా? దీన్ని తప్పు అని ఒక్క మాటలో కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు. సొంత నేల చేరిన ఆంబోతు చివరకు గుండె పగిలి చనిపోతుంది.

ఈ కథ కూడా ఒకసారి పోయిందట. షెన్‌హాన్ అనే మహాకవి కవులందరినీ పిలిచి అడిగితే, మొత్తం ఒక్కరికీ రాలేదు. దాని ప్రతిని ఎవరో ఒక లాటిన్ విజ్ఞాన గ్రంథానికి మారుగా తూర్పుదేశానికి ఇచ్చేశారు. షెన్‌హాన్ కొడుకు ముర్‌గెన్ దాన్ని వెదుకుతూ పోయి, ఆ కథలోని వీరుల్లో ఒకడైన ఫెర్గస్ సమాధిరాయి దగ్గర ఒంటరిగా కూర్చుని ఆ రాయికి పద్యం చెప్పాడు. మూడు పగళ్లు, మూడు రాత్రులు మంచు కమ్ముకుంది. ఆ మంచులో ఫెర్గస్ లేచివచ్చి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. కథ పోయినప్పుడు ఆ కుర్రవాడు ఒక చోటుకు వెళ్లి అడిగాడు; దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి. 1830లో ఐర్లండ్ సర్వేశాఖలో చేరిన జాన్ ఓడోనవన్ పటాల కోసం చాలా కౌంటీలు తిరిగి, ముసలివాళ్లను ఊరి పేరు ఎలా పలుకుతారని అడిగి రాసుకున్నది కూడా నాకు అదే పనిగా కనిపిస్తుంది. ఆ పటాల మీద పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగుల్లోకి మారిపోయాయన్నది నిజమే, అందుకు నాకూ బాధే. కానీ ఆయన రాసుకున్న ఐరిష్ రూపాలే తరువాతివారికి ఆధారమయ్యాయి.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు సూచిస్తున్నారు. ఒక్క మాట. లెన్‌స్టర్ గ్రంథంలో ఈ గోగ్రహణం చివర రెండు వాక్యాలున్నాయి. ఐరిష్‌లో ఉన్నది, దీన్ని ఇదే రూపంలో, మార్చకుండా, కంఠస్థం చేసేవారికి దీవెన. దాని కిందనే లాటిన్‌లో మరొకటి: ఈ చరిత్రను, కాదు, ఈ కట్టుకథను రాసిన నేను ఇందులోని కొన్ని విషయాలను నమ్మను, కొన్ని దయ్యాల మాయలు, కొన్ని కవుల కల్పనలు, కొన్ని నిజమనిపించేవి, కొన్ని అనిపించనివి, కొన్ని మూర్ఖుల వినోదానికి రాసినవి. నా వ్యాసాన్ని తిప్పి పంపిన సంపాదకుల అభిప్రాయమే ఇంచుమించు ఆ రాతగాడిదీ. కానీ ఆయన ఆ మాట రాసింది కథ మొత్తం రాసి ముగించిన తరువాత.