నీళ్లకు లొంగని స్టాంపు

(తెర మీద: వెడల్పాటి గిన్నెలో నీళ్లు. కవర్ల మూలల నుంచి కత్తిరించిన స్టాంపు ముక్కలు అందులో తేలుతున్నాయి.)

స్టాంపులు సేకరించేవాళ్లలో చాలామంది మొదట నేర్చుకున్న పని ఇదే. కవరు మూల కత్తిరించి నీళ్లలో వేయడం, కాసేపు ఆగడం. జిగురు కరుగుతుంది. స్టాంపు తనంతట తానే కాగితాన్ని వదిలి పక్కకు జారుతుంది. లాగక్కర్లేదు, గీకక్కర్లేదు. వెనకవైపు వేలితో మెల్లగా తుడిచి ఆరబెట్టి, ఓ బరువైన పుస్తకం కింద పెడితే మర్నాటికి ఆల్బమ్‌లోకి వెళ్లిపోతుంది. చిన్నపిల్లలకు కూడా పైసా ఖర్చు లేకుండా ఈ హాబీ అందిందంటే ఈ గిన్నెడు నీళ్ల వల్లే.

ఇప్పుడు ఒక స్టిక్కర్ స్టాంపును, అంటే తడి చేయకుండా ఒలిచి అతికించే సెల్ఫ్ అడ్హెసివ్ స్టాంపును, ఇదే గిన్నెలో వేద్దాం.

(తెర మీద: గోడ గడియారం. గంట గడిచింది. పట్టకారుతో ముక్కను పైకి తీస్తున్న చెయ్యి.)

కవరు కాగితం నాని పీచుపీచుగా అయిపోయింది. స్టాంపు మాత్రం కదల్లేదు. కొంచెం గట్టిగా లాగితే బొమ్మ ఉన్న పైపొర చిరిగి చేతికొచ్చింది, మిగతాది కవరుకే ఉండిపోయింది. ఇలా చిరిగిన స్టాంపును చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఎక్కడో ఒకరు అతికించగా అంత దూరం క్షేమంగా వచ్చిన స్టాంపు, చివరికి సేకరించేవాడి చేతిలో పాడవడం ఏమిటి!

తేడా అంతా జిగురులో ఉంది. 1840లో బ్రిటన్‌లో వచ్చిన మొదటి తపాలా స్టాంపు పెన్నీ బ్లాక్ దగ్గర్నుంచి, నాలుకతో తడిపి అంటించే స్టాంపులన్నిటికీ ఉన్నది నీళ్లలో కరిగే బంక. తడిస్తే అంటుకుంటుంది, మళ్లీ తడిస్తే వదులుతుంది. స్టిక్కర్ స్టాంపు జిగురు అలాంటిది కాదు. అది వేలితో నొక్కితే పట్టుకునే రకం, ఎప్పటికీ పూర్తిగా ఆరిపోదు. నీళ్లు దాన్ని కరిగించలేవు. అందుకే దాన్ని వాడేదాకా, జిగురు పట్టని నున్నటి కాగితం మీద ఉంచి అమ్ముతారు.

(తెర మీద: దేశపటం ఆకారంలో కత్తిరించిన స్టాంపు బొమ్మ.)

ఈ రకాన్ని మొదట తెచ్చిన దేశం సియెర్రా లియోన్. 1964లో, తన దేశపటం ఆకారంలోనే. గాలిలో తేమ ఎక్కువగా ఉండేచోట బంక స్టాంపులు వాడకముందే ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి, అక్కడ ఇది పనికొచ్చే ఆలోచనే. 1969లో టోంగా అరటిపండు ఆకారంలో స్టిక్కర్ స్టాంపులు వేసింది. అప్పట్లో వీటిని ఆటబొమ్మల్లా చూసి పక్కన పెట్టిన సేకర్తలు చాలామందే.

అసలు గుణపాఠం 1974లో వచ్చింది. ఆ ఏడాది క్రిస్మస్‌కు అమెరికా ప్రయోగంగా ఒక పది సెంట్ల స్టిక్కర్ స్టాంపు విడుదల చేసింది. దాని మీద గాలి ఎటు వీస్తోందో చూపే, పావురం ఆకారంలో ఉన్న సూచిక బొమ్మ. ఒకసారి అంటించినదాన్ని ఒలిచి మళ్లీ వాడకుండా మధ్యలో సన్నటి గాట్లు కూడా పెట్టారు. వాటి సంగతి ఎలా ఉన్నా, జిగురు మాత్రం దెబ్బ తీసింది. ఏళ్లు గడిచేకొద్దీ అది కాగితంలోకి ఇంకి, ముందు వైపు గోధుమరంగు మచ్చలుగా తేలింది. కవరు మీద వాడినవే కాదు, ఎవరూ ముట్టుకోకుండా దాచిన కొత్తవి కూడా మచ్చలుపడ్డాయి. ఈ రోజు ఆ స్టాంపు శుభ్రంగా దొరికితే దాన్ని పట్టి పట్టి చూడాల్సిందే.

ఆ తర్వాత అమెరికా చాలా ఏళ్లు ఈ జోలికి పోలేదు. 1989లో మళ్లీ ప్రయత్నించింది. 1993లో బ్రిటన్ మొదలుపెట్టింది. జనానికి ఇవి బాగా నచ్చాయి. నాలుకతో తడపాల్సిన పని తప్పింది మరి. కొన్నేళ్లలోనే పోస్టాఫీసుల్లో స్టిక్కర్ స్టాంపులదే రాజ్యమైంది.

(తెర మీద: స్టాంపు అడ్డుకోత బొమ్మ. పైన కాగితం, మధ్యలో పలుచని పొర, కింద జిగురు.)

ఇక్కడ సేకర్తలకు కొన్నాళ్లు మంచి కాలం నడిచింది. ఈ బొమ్మలో కాగితానికీ జిగురుకీ మధ్య ఉన్న పలుచని పొర చూడండి. అది నీళ్లలో కరుగుతుంది. ముక్కను నానబెడితే జిగురు కరగదు, ఆ మధ్య పొర కరుగుతుంది. జిగురు కవరుకే ఉండిపోయి, స్టాంపు శుభ్రంగా విడివడుతుంది. బంక స్టాంపు కంటే ఎక్కువ సేపు పడుతుంది, అంతే. ఆ పొర ఉన్న స్టాంపులను ఇప్పటికీ అలాగే తీయొచ్చు.

కానీ ఆ పొర వేయడం అదనపు పని. పైగా నీళ్లలో ఊడే స్టాంపు మళ్లీ వాడుకోవడానికి కూడా వీలిస్తుంది. 2000 తర్వాతి దశకంలో అమెరికా స్టాంపుల్లోంచి ఆ పొర మాయమవుతూ వచ్చింది. బ్రిటన్ 2009 నుంచి రోజువారీ వాడే స్టాంపుల మీద యూ ఆకారంలో గాట్లు పెట్టింది, అవీ నీళ్లలో ఊడవు. ఒలవబోతే గాట్ల దగ్గర చిరిగిపోతాయి. తపాలా శాఖ వైపు నుంచి చూస్తే అది న్యాయమే. వాడిన స్టాంపును మళ్లీ అంటిస్తే నష్టపోయేది వాళ్లే. కానీ అదే గాటు, డబ్బు లేని పిల్లవాడి ఆల్బమ్‌కు కూడా అడ్డుపడింది. నాకు బాధ కలిగించేది ఈ ముక్క.

ఇంకో చిక్కు ఏమిటంటే, చూసి చెప్పలేం. ఏది ఊడుతుంది, ఏది ఊడదు అన్నది స్టాంపు ముఖం మీద రాసి ఉండదు. కిలోల లెక్కన కొన్న వాడిన స్టాంపుల కుప్పలో రెండు రకాలూ కలిసే ఉంటాయి. అందుకని ఒకే స్టాంపు నాలుగైదు ఉంటే, వాటిలో అన్నిటికంటే నాసిగా ఉన్నదాన్ని ముందు నీళ్లలో వేసి చూడండి. అది విడివడితేనే మిగతావి వేయండి. ఉన్నది ఒక్కటే అయితే గిన్నె దగ్గరికే తీసుకెళ్లొద్దు.

(తెర మీద: తెరిచి ఉన్న కిటికీ పక్కన బల్ల. చిన్న సీసా, టాల్కం పౌడర్ డబ్బా.)

నీళ్లతో కుదరనప్పుడు కొందరు రసాయనాలు వాడతారు. ఒకటి హెప్టేన్ ఉండే ద్రావకం. కవరు ముక్కను బోర్లించి, వెనక కాగితం మీద కొన్ని చుక్కలు వేస్తే అది లోపలికి ఇంకి జిగురు పట్టును కాసేపు వదులు చేస్తుంది. ఆ కాసేపట్లోనే స్టాంపును మెల్లగా ఒలవాలి. ఇంకొకటి నారింజ తొక్కల నూనె ఉండే స్ప్రే. ఏది వాడినా స్టాంపు వెనక జిగురు అలాగే ఉంటుంది. దానికి టాల్కం పౌడర్ అద్ది, జిడ్డు పోయేలా మెత్తటి బ్రష్‌తో దులపాలి. లేకపోతే ఆల్బమ్ పేజీకి అంటుకుపోతుంది.

హెప్టేన్ చాలా తేలిగ్గా మండుతుంది, దాని ఆవిరి పీల్చకూడదు. కిటికీలు తెరిచి, పొయ్యికీ అగ్గిపుల్లకీ దూరంగా చేయాల్సిన పని. పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. నారింజ నూనె ఎక్కువైతే కాగితానికి నూనె మరక పడుతుంది. నేనైతే విలువైన స్టాంపు మీద ఈ రెండూ వాడను. వెనక పౌడర్ కింద దాగిన జిగురు ఇరవై ఏళ్ల తర్వాత ఏం చేస్తుందోనన్న టెన్షన్ నాకు అక్కర్లేదు. 1974 నాటి పావురాన్ని చూశాం కదా.

(తెర మీద: వాడని స్టాంపులు, వెనక కాగితంతో సహా.)

వాడనివాటి కష్టాలు వేరు. బంక స్టాంపు కొత్తదైతే వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉందా అని చూస్తాం. స్టిక్కర్ స్టాంపు వెనకవైపు చూడాలంటే ఒలవాలి, ఒలిస్తే దాని పని అయిపోయినట్టే. కాబట్టి వెనక కాగితంతోనే దాచాలి. కొన్ని షీట్లలో ఆ కాగితానికి కూడా కోత ఉంటుంది, మడిస్తే ఒక్కో స్టాంపు విడిగా వస్తుంది. కొన్నిటిలో ఉండదు, కత్తెర పెట్టాలి. అప్పుడు పక్క స్టాంపు అంచు తెగకుండా చూసుకోవాలి. చిన్న బుక్‌లెట్లయితే విడదీయకుండా మొత్తం దాచడమే మేలు, చోటు ఎక్కువ పట్టినా సరే.

అంచుల సంగతి మాత్రం నాకు చాలా ఇష్టం. ఈ స్టాంపుల అంచున కనిపించే పళ్లు చిల్లులు చింపితే వచ్చినవి కావు, అచ్చుకత్తితో అలలా కోసినవి. అయినా పళ్లు కొలిచే పాత గేజ్ పనికొస్తుంది. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని పళ్లున్నాయో కొలవడమే లెక్క. ఒకే బొమ్మ షీట్‌లోనూ బుక్‌లెట్‌లోనూ రోల్‌గా చుట్టిన పట్టీలోనూ వచ్చినప్పుడు, పళ్ల లెక్క తేడాతోనే కొన్నిసార్లు వాటిని విడిగా గుర్తుపట్టొచ్చు. ఒకేలా ఉన్నాయని పక్కన పడేసిన స్టాంపుల్ని ఓ సాయంత్రం గేజ్ పెట్టి చూడండి, రెండు మూడు రకాలు బయటపడొచ్చు.

దాచేటప్పుడు ఎండ, వేడి, బరువు, ఈ మూడింటికీ దూరంగా ఉంచండి. వేడికి జిగురు మెత్తబడి అంచుల్లోంచి బయటికి పాకుతుంది. ఆల్బమ్‌లను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి.

(తెర మీద: కత్తెర, పాత కవరు.)

మరి వాడిన స్టాంపుని ఏం చేయాలి? నా మాట అడిగితే, ఊడదీయకండి. కాగితంతో సహా దాచండి. ఇలా చూడండి. స్టాంపు అంచుకు మరీ దగ్గరగా కాకుండా, చుట్టూ అర సెంటీమీటరు వదిలి, నాలుగు వైపులా తిన్నగా కత్తిరిస్తున్నాను. పళ్లు ఒక్కటీ తెగకూడదు. తపాలా ముద్ర స్టాంపు దాటి కవరు మీదకు వెళ్లి ఉంటే, ముద్ర మొత్తం వచ్చేలా కోత జరపండి. ఊరి పేరు, తేదీ చక్కగా చదవగలిగేలా ఉంటే, కవరు మొత్తాన్నే అట్టిపెట్టుకోవచ్చు.

కవరు వెనక పొర కూడా కలిసి వస్తే దాన్ని విడిగా తీసేయండి, లేకపోతే ఆల్బమ్ ఉబ్బుతుంది. ఎర్రటి, పచ్చటి కవరు ముక్కల్ని వేరే జేబులో పెట్టండి, తేమ తగిలితే వాటి రంగు పక్కవాటికి ఎక్కుతుంది. ముక్క వెనక పెన్సిల్‌తో ఎప్పుడు దొరికిందో రాయండి. నీళ్లలో ఊడుతుందని ముందే పరీక్షించి తెలుసుకుంటే అదీ రాసి పెట్టండి.

(తెర మీద: ఆల్బమ్ పేజీ. కాగితం అంచుతో సహా స్టాంపు జేబులోకి జారుతోంది.)