గోడ లోపలి చెమ్మ

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లోకి నీళ్లొచ్చి తీశాక మొదటి రెండు రోజులు చాలా విలువైనవి. తడిసిన చెక్క, అట్ట, బట్ట, గోడలకూ సీలింగుకూ కొట్టే జిప్సం బోర్డు, వీటి మీద 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. మూలల్లో వేలాడే సాలెగూళ్ల బూజు కాదు, నల్లగానో పచ్చగానో మచ్చలు కట్టే శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, వాటిని పూర్తిగా లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే.

ముందు కరెంటు సంగతి చూడండి. మెయిన్ స్విచ్ కట్టేయడానికి నీళ్లలో నిలబడాల్సి వస్తే మీరు వెళ్లకండి, సరఫరా బయటి నుంచే ఆపించండి. మునిగిన స్విచ్ బోర్డులను ఎలక్ట్రీషియన్ విప్పి చూసేదాకా వాడొద్దు. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల అవతల, కిటికీలకు దూరంగా ఉండాలి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. బీమా ఉంటే ఏదీ కదపకముందే ఫొటోలు తీసుకోండి.

ఇక నీళ్లు. నీటిని నీరుగా ఉన్నప్పుడే తోడేయాలి. ఒక బకెట్ నీళ్లు వెట్ వాక్యూమ్‌తో, అంటే నీళ్లు కూడా లాగే వాక్యూమ్ క్లీనరుతో లాగడం నిమిషాల పని. అవే నీళ్లు ఆవిరై గదిలో కలిస్తే, గాలిలోని తేమను లాగే యంత్రం, అదే ఇంట్లో వాడే డీహ్యూమిడిఫయర్, వాటిని తిరిగి పట్టడానికి గంటలు పడుతుంది. నేలమాళిగలో నీళ్లు నిండితే మాత్రం తొందర కూడదు. చుట్టూ మట్టి నానివున్నప్పుడు లోపలి నీరంతా ఒక్కసారే తోడేస్తే, బయటి ఒత్తిడికి గోడలు లోపలికి కూలవచ్చు. రోజుకు కొంత చొప్పున తోడుకోవాలి.

కిటికీలు తెరవాలా, మూయాలా అని చాలామంది అడుగుతారు. బయట గాలి పొడిగా ఉంటే బార్లా తెరవండి. ముసురు పట్టి ఉంటే మూసేసి డీహ్యూమిడిఫయర్ గానీ ఏసీ గానీ నడపండి. కిటికీ తెరిచాక గచ్చు చెమర్చిందంటే బయటి తేమ లోపలికి వస్తున్నట్టే. గదిలో తేమ 60 శాతం దాటకూడదు, 50 లోపు ఉంటే మరీ మంచిది. ఫ్యాను గాలి గోడకు ఎదురుగా కాకుండా ఏటవాలుగా, గోడ వెంట పారేలా పెట్టండి. బూజు అప్పటికే కనబడుతుంటే మాత్రం ఫ్యాను వద్దు, బీజాలు ఇల్లంతా చల్లేస్తుంది.

ఎక్కువమంది పొరబడేది గోడ దగ్గర. అరచేయి పెట్టి చూస్తే పొడిగానే తగులుతుంది. పైపొర ముందు ఆరుతుంది, లోపలి ఇటుక ఇంకా నానే ఉంటుంది. ఇటుక గోడ, కాంక్రీటు పూర్తిగా ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా పుట్టీ పెట్టి ఆయిల్ పెయింట్ వేస్తే చెమ్మ లోపలే బందీ అవుతుంది. కొన్నాళ్లకు పెయింటు బుడగలు లేచి పెచ్చులూడుతుంది. వినైల్ వాల్‌పేపరుదీ అదే పని, దాన్ని మొదటి రోజే ఊడదీయండి. జిప్సం బోర్డు నీటిని దీపం వత్తిలా పైకి పీల్చుకుంటుంది. నీటి చార మోకాలి ఎత్తున ఉంటే తడి అంతకన్నా పైకి పాకి ఉంటుంది. చారకు 30 సెంటీమీటర్ల పైదాకా కోసేసి, వెనక తడిసిన ఇన్సులేషన్, అంటే వేడినీ చలినీ ఆపే దూదిలాంటి పొర, తీసి పారేయాలి.

గచ్చు ఆరిందో లేదో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. 16 గంటలయ్యాక ఎత్తి చూడండి. షీటు అడుగున నీటి బొట్లు కనిపించినా, కింద గచ్చు నల్లబడినా ఇంకా తడి ఉన్నట్టే. చెక్కకైతే తేమ కొలిచే సూదుల మాయిశ్చర్ మీటర్ గుచ్చి చూడాలి. 15 శాతం లోపుకు దిగేదాకా దాన్ని మూయొద్దు.

ఆరుతున్న గోడ మీద తెల్లటి పొడి లేస్తే కంగారు పడకండి. చిటికెడు తీసి నీటి బొట్టులో వేయండి. కరిగితే ఉప్పు, కరగకపోతే బూజు అనుకోవచ్చు. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

బూజు 1 చదరపు మీటరు లోపు ఉంటే మీరే తీసుకోవచ్చు. అంతకు మించితే, లేదా ఇంట్లోకి వచ్చింది మురుగునీరైతే, నిపుణులకే వదిలేయండి. ఉబ్బసం ఉన్నవారు ఆ పనిలోకి దిగొద్దు. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, గ్లవుజులు తప్పనిసరి. టైల్, గాజు, లోహం లాంటివాటిని డిటర్జెంటు నీళ్లతో రుద్ది ఆరబెడితే చాలు. బ్లీచ్ మీద అతి నమ్మకం వద్దు. పీల్చుకునే వస్తువుల్లో దాని మందు పైనే ఆగిపోయి నీరు మాత్రం లోపలికి దిగుతుంది. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది కాబట్టి దాన్ని తుడిచి తీసేయాల్సిందే. బ్లీచ్‌లో అమ్మోనియా గానీ యాసిడ్ గానీ ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

పరుపులు, ఫోము, ఉబ్బిన పార్టికల్ బోర్డు అల్మరాలు ఇక పనికిరావు. ముఖ్యమైన కాగితాలు, పుస్తకాలు ఆరబెట్టే తీరిక లేకపోతే సంచిలో కట్టి ఫ్రీజరులో పెట్టండి. గడ్డకట్టి ఉన్నన్నాళ్లూ బూజు పెరగదు.

రంగు వేయించే ముందు గదిని ఒక రాత్రి పూర్తిగా మూసి ఉంచి, పొద్దున్నే తలుపు తీసి వాసన చూడండి. ముక్కిన వాసన తగిలితే అల్మరా వీపు, స్కర్టింగ్ వెనక సందు, కొడితే బోలుగా మోగే టైలు, ఈ మూడూ మొదట విప్పించండి.