చివరి గడియల్లో మంచం పక్కన రోబో

వ్యాఖ్యాత: 2019 మార్చిలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఐసీయూలో ఉన్న 78 ఏళ్ల పెద్దాయన దగ్గరికి తెర బిగించిన రోబో వచ్చింది. తెర మీద డాక్టరు. ఇక బతకడం కష్టమని అందులోంచే చెప్పారు. మేడమ్, మీకేమనిపించింది?

పాలియేటివ్ వైద్యురాలు (నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే డాక్టరు): చాలా బాధేసింది. ఆయనకు కుడి చెవి సరిగా వినపడదు. రోబో మంచానికి రెండోవైపు వెళ్లలేకపోయింది. దాంతో పక్కనున్న మనవరాలే ఆ మాట తాతకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నేనైతే ముందు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంటాను. "మీ జబ్బు గురించి మీకేం తెలుసు?" అని అడుగుతాను. వాళ్ల మొహం చూశాకే మిగతా మాట.

ఇంజనీర్: ఆ ఒక్కటి చూసి యంత్రాలన్నీ వద్దనకండి మేడమ్. జపాన్‌లో తకనోరి షిబాతా తయారుచేసిన, రోగులకు ఊరటనిచ్చే పారో అనే రోబో ఉంది కదా. చూడ్డానికి సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా తెల్లగా ఉంటుంది, 2.7 కిలోలు, చంటిబిడ్డ బరువు. నిమిరితే కదులుతుంది, కూస్తుంది. కుక్కనో పిల్లినో చేస్తే అసలుదానితో పోల్చి పెదవి విరుస్తారు. సీల్‌ను ఇంట్లో పెంచిందెవరు? 2009లో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ దాన్ని వైద్య పరికరంగా గుర్తించింది కూడా.

హోమ్‌కేర్ నర్సు: బొమ్మ వద్దనను సార్. నాకు ముందు మనిషిని ఎత్తేది కావాలి. మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. ఇంట్లో కోడలొక్కతే ఉంటుంది. నెల తిరిగేసరికి ఆమె నడుము పోతుంది. ఆమె గురించి ఎవరూ అడగరు.

ఇంజనీర్: 2015లో జపాన్ పరిశోధన సంస్థ రికెన్, రోబేర్ అనే రోబోను చూపించింది. ఎలుగుబంటి మొహం. మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెడుతుంది. అయితే అది ప్రయోగాల కోసం చేసినదే.

వ్యాఖ్యాత: సార్, మీ అమ్మగారు పోయినప్పుడు మీరు డల్లాస్‌లో ఉన్నారు.

కొడుకు: అవునండీ. వీడియో కాల్‌లోనే చూశాను. "అమ్మా, నేనే" అంటూనే ఉన్నాను. విన్నదో లేదో.

వైద్యురాలు: స్పృహ లేకపోయినా వింటున్నారనుకునే మాట్లాడమని మేం ఇంటివాళ్లకు చెబుతాం. మీరు చేసింది సరైన పనే.

కొడుకు: తెర లేకపోతే ఆ కాస్తా దక్కేది కాదు. కానీ అక్క ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో తులసి నీళ్లు పోసింది. సగం ఒలికిపోయాయి. ఆ ఫోన్ ఏ యంత్రమో పట్టుకుని ఉంటే, అక్క రెండు చేతులూ అమ్మకే ఉండేవి.

ఇంజనీర్: దానికి రోబో కూడా అక్కర్లేదు సార్. మంచానికి బిగించే స్టాండు చాలు.

నర్సు: అయితే రేపటినుంచి నా సంచిలో ఒకటి పెట్టుకుంటాను.