సొర వస్తే చూపు తిప్పకండి

శ్రోతలకు నమస్కారం.

నీళ్ళ అడుగున నోట్లో గాలి పీల్చుకునే గొట్టం, రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి మాటలు కుదరవు. డైవర్లు చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు పైకి చూపిస్తే అక్కడ ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం పద’ అని. అరచేతిని నిలువుగా నుదుటి మీద ఆనించుకుంటే, వీపు మీద రెక్క లేచినట్టు, ‘సొర చేప వచ్చింది’ అని. మాల్దీవుల్లో ఫువమ్ములా దీవి దగ్గర మా గైడ్ ఆ సైగ చేసినప్పుడు నేను సొర కోసం చూడలేదు. నా గాలి మీటర్ వైపు చూశాను. దిగి పది నిమిషాలు కాలేదు, సిలిండర్లో మూడో వంతు గాలి అయిపోయింది. మనిషి ఎంత టెన్షన్ పడుతున్నాడో నీళ్ళలో నోటితో చెప్పక్కర్లేదు, ఆ ముల్లే చెప్పేస్తుంది.

మాది భీమిలి వైపు. మా ఇంట్లో సొర అంటే భయం కాదు, వంట. పాల సొరని ఉడకబెట్టి, తోలు తీసి, చిదిమి, ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి పొడిపొడిగా వేయిస్తే అది సొర పుట్టు. బాలింతలకి తప్పకుండా పెడతారు. మా అమ్మ చేసిన పుట్టు వాసన వీధి మలుపులోనే తెలిసిపోయేది. అంటే సొరతో నా పరిచయమంతా కంచంలోనే.

ఫువమ్ములా భూమధ్యరేఖకి కాస్త దక్షిణాన ఒంటరిగా ఉన్న దీవి. మాల్దీవుల్లో మామూలుగా చిన్న చిన్న దీవులు దండ గుచ్చినట్టు గుండ్రంగా ఉంటాయి, మధ్యలో నెమ్మదైన నీరు. దీనికి ఆ దండ లేదు. ఒడ్డు దాటి కొంచెం పోతే గోడ దిగినట్టు లోతు. నడిసముద్రంలో తిరిగే పెద్ద జీవాలు దీని గుమ్మం దాకా వచ్చేది అందుకే.

గుమ్మంలోనే ఆగిపోవడానికి ఇంకో కారణం ఉంది. అక్కడివాళ్ళు ట్యూనా చేపని గాలంతో ఒక్కొక్కటిగా పడతారు. మన విశాఖ జాలర్లు ట్యూనాని సూర అంటారు. సూర వేరు, సొర వేరు, రేడియోలో వింటున్నారు కాబట్టి ముందే చెబుతున్నా. పట్టిన చేపల్ని రేవులో కోసి తలలూ పేగులూ నీళ్ళలోకి విసిరేస్తారు. ఆ వాసనకి పులి సొరలు, అంటే టైగర్ షార్కులు, రేవు మూతి దగ్గరికి రావడం మరిగాయి. ఒంటి మీది గుర్తులు, రెక్కల అంచుల్లో గాట్లు చూసి అక్కడ 200 కి పైగా పులి సొరల్ని విడివిడిగా గుర్తుపట్టారు. వాటిలో ఆడవే ఎక్కువ. పులి సొర గుడ్లు పెట్టదు, ఏడాదికి పైగా మోసి పదుల సంఖ్యలో పిల్లల్ని కంటుంది. నేను చూసినవాటిలో కొన్నింటి పొట్టలు నిండు చూలాలి పొట్టల్లా ఉన్నాయి. మాల్దీవుల ప్రభుత్వం 2010 లో సొరల వేటని పూర్తిగా నిషేధించకపోయి ఉంటే వాటిలో ఎన్ని మిగిలేవో.

పడవ ఎక్కే ముందు మా గైడ్ చాలాసేపు చెప్పాడు. నీళ్ళ మీద తేలుతూ కాళ్ళు కొట్టుకోవద్దు, దూకగానే నేరుగా దిగిపోండి. మెరిసేవి, తెల్ల గ్లవ్స్ వద్దు. చేతులు ఊపుతూ వేళ్ళతో చూపించొద్దు, అక్కడ చేతికీ చేపకీ తేడా అంత తొందరగా తెలియదు. అందరూ ఒక వరసలో, వీపు పగడపు దిబ్బ వైపు పెట్టి ఉండండి. చివరగా ఒకటి చెప్పాడు, దాన్ని రెండుసార్లు చెప్పాడు. అది మీ వైపు వస్తుంటే తిరిగి పారిపోవద్దు. దాని కంటిలోకి చూడండి. అది పోయేదాకా చూస్తూనే ఉండండి.

మన ఊళ్ళో వీధికుక్క వెంటపడితే పెద్దవాళ్ళు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే కదా, పరుగెత్తకురా అని.

అది వచ్చింది. మొదట నీలంలో ఒక మసక, తర్వాత ఆ మసకకి ఒక మొద్దు మూతి. నాలుగు మీటర్లు ఉంటుంది, పాత అంబాసిడర్ కారు పొడవు. పైగా మాస్కు అద్దంలోంచి నీళ్ళలో ఏదైనా మూడో వంతు పెద్దదిగా, ఉన్నదానికంటే దగ్గరగా కనబడుతుంది. అందుకే ఒడ్డుకొచ్చాక డైవర్లు చెప్పే కొలతలు నమ్మకండి, నావి కూడా. పులి చారలు పిల్లగా ఉన్నప్పుడే స్పష్టంగా ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ చెరిగిపోతాయి. దీనికి నడుము దగ్గర లీలగా మిగిలాయి.

నన్ను కంగారు పెట్టింది దాని పళ్ళు కాదు, తీరిక. తాబేలు డొప్పని కోసేయగల దవడలు పెట్టుకుని, సాయంత్రం బీచ్‌రోడ్డులో నడకకొచ్చినట్టు వచ్చింది. నేను దాని కన్ను చూశాను. నల్లటి పాప, పెద్దది. అది కూడా నన్ను చూస్తోంది, అందులో సందేహం లేదు. రెండు చేతుల దూరంలో మూతి కొద్దిగా పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయింది. దాని ఒళ్ళంతా నా ముందునుంచి సాగి, చివరికి తోక ఊపు నీటి తోపుగా నా ఛాతీకి తగిలింది.

అంత దగ్గరికి రావడం కోపంతో కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. సొర మూతి చుట్టూ సన్నటి రంధ్రాలుంటాయి, వాటి నిండా జెల్లీ లాంటి పదార్థం. 1678 లో స్టెఫానో లోరెంజీని అనే ఇటలీ వైద్యుడు వాటిని వివరంగా వర్ణించాడు గానీ అవి దేనికో ఆయనకి అంతుపట్టలేదు. ప్రాణి కండరం కదిలినప్పుడు పుట్టే అతి సన్నటి విద్యుత్తుని అవి పసిగడతాయని తేలింది 20వ శతాబ్దంలో. ఆ జ్ఞానం పనిచేసేది చాలా దగ్గర్లోనే. మనం కొత్త వస్తువుని చేత్తో తడిమి చూసినట్టు అది మూతి దగ్గర పెట్టి చూస్తుంది. కాకపోతే ఆ మూతి కింద నోరుంది, అదే చిక్కు.

వెనకటి వాళ్ళు ఇంకా ధైర్యవంతులు. ఆస్ట్రియాకి చెందిన హాన్స్ హాస్ 1939 లో కరేబియన్ సముద్రంలో ఊపిరి బిగబట్టి మునిగేవాడు. సొర మీదికొస్తే నీళ్ళలోనే గట్టిగా అరిచేవాడు, అది బెదిరి పారిపోయేది. భలే ఉపాయం అనుకున్నారు. తర్వాత అన్ని సముద్రాల్లోనూ పనిచేయలేదు. అరుపుకి లెక్కచేయని సొర ముందు ఊపిరి కూడా ఖర్చుపెట్టేసుకున్న మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ, భయమూ రెండూ వస్తాయి.

లెక్కలు అడుగుతారు కాబట్టి ఒక్కటే చెబుతాను. మనుషులు కవ్వించకుండానే సొర కరిచిన సంఘటనలు 2024 లో ప్రపంచం మొత్తం మీద 47, చనిపోయినవారు నలుగురు. ఇది ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళ లెక్క. ఏటా ఇందులో ఎక్కువమంది అలల మీద బోర్డు ఆట ఆడేవాళ్ళూ, ఈతకొచ్చినవాళ్ళూ. అడుగున కూర్చుని దాన్ని చూస్తున్న డైవర్లు తక్కువ. పైన నురగలో కొట్టుకుంటున్న కాలు కింది నుంచి సొరకి ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి. అయితే ఈ అంకెలు అంబాసిడర్ కారు ఎదురుగా వస్తున్నప్పుడు గుర్తుకు రావు, అది మాత్రం నిజం.

ఇంకో సంగతి దాచకూడదు. అక్కడ గైడ్లు ట్యూనా తలలు రాళ్ళ కింద పెడతారు, సొరలు వాటి కోసం వెతుకుతూ మన ముందే తిరుగుతాయి. ఇది నాకు పూర్తిగా మింగుడుపడలేదు. మనిషి వాసనకీ తిండికీ ముడి పెడుతున్నామా అని అడిగాను. రేవులో చేపలు కోసినన్నాళ్ళూ అవి ఎలాగూ వస్తాయి అన్నాడు గైడ్. చంపి రెక్కలు అమ్ముకోవడం కంటే బతికించి చూపించుకోవడం మేలే, ఒప్పుకుంటాను. అయినా రాళ్ళ కింద ఏమీ పెట్టని చోట, దానంతట అది వచ్చిన సొరని చూడాలని ఉంది.

మన తీరంలోనూ పెద్ద సొరలున్నాయి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరంలో జాలర్ల వలకి తిమింగల సొర చిక్కింది. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప అదే, తినేది మాత్రం నీళ్ళలో తేలే చిన్న చిన్న జీవుల్ని. 2001 నుంచి మన దేశంలో దాన్ని పట్టడం నేరం. అటవీ శాఖవాళ్ళూ జాలర్లూ కలిసి రెండు టన్నుల ఆ జీవాన్ని మళ్ళీ లోతు నీళ్ళలోకి నడిపించి వదిలారు. వల వేసినవాడికి అది ఎంత నష్టమో సముద్రం ఒడ్డున పెరిగినవాళ్ళకి తెలుసు.

ఫువమ్ములాలో ఆ రోజు పైకి వస్తూ, అయిదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాం. ఒంట్లో చేరిన నైట్రోజన్ నెమ్మదిగా పోవడానికి అలా ఆగాలి. కాళ్ళ కింద ఆమె ఇంకా తిరుగుతూనే ఉంది. అది అనడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను.

“ఏటీ చెయ్యలేదురా నిన్ను?”

“చూసి వెళ్ళిపోయిందమ్మా.”

“ఎంతుందేటి?”

“మన వరండా అంత.”

అవతల కాసేపు మాటలేదు. తర్వాత అంది: “అంత ముదురుది పుట్టుకి పనికిరాదులే.”