తల చారలు చూసి తేల్చేయకండి: ఫ్లాప్‌షెల్ తాబేలు ఉపజాతిని గుర్తుపట్టడం ఇలా

నమస్తే. పొలం గట్టు మీద తాబేలు కనిపించింది, ఫొటో తీశారు. డిప్ప గట్టి పెంకులా లేదు, తోలు కప్పినట్టుంది. తల మీద నల్ల చారలున్నాయి. ఫ్లాప్‌షెల్ అంటే మన చెరువుల్లో ఉండే, తోలు డిప్ప తాబేలు జాతి. వెంటనే “ఫ్లాప్‌షెల్, చారల రకం” అని తేల్చేస్తారు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మన దక్కన్ నదుల్లో ఉండే లీత్ మెత్తడిప్ప తాబేలుకి కూడా తల మీద నల్ల చారలుంటాయి. కాబట్టి ముందు జాతి తేలాలి, ఉపజాతి, అంటే ఆ జాతిలోనే ఏ రకమన్నది, ఆ తర్వాత.

తెర మీద రెండు డిప్పలూ చూడండి. ఎడమవైపు ఫ్లాప్‌షెల్: కోలగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంది. కుడివైపు లీత్: బల్లపరుపుగా ఉంది, వెనక తోలు అంచు వెడల్పుగా, మెత్తగా సాగింది. లీత్ పిల్ల అయితే వీపు మీద కళ్ల లాంటి నాలుగు మచ్చలు కనిపిస్తాయి. సైజు సాయం కొంతవరకే: ఫ్లాప్‌షెల్ డిప్ప 35 సెంటీమీటర్లు దాటడం అరుదు, లీత్ 60 కూడా దాటుతుంది. కానీ చిన్న తాబేలు ముందుంటే ఈ లెక్క పనికిరాదు.

అసలు రుజువు పొట్ట వైపు ఉంటుంది. ఫ్లాప్‌షెల్‌కి వెనక కాళ్ల దగ్గర రెండు తోలు రెక్కలుంటాయి. కాళ్లు లోపలికి లాక్కోగానే అవి తలుపుల్లా మూసుకుంటాయి. లీత్‌కి అవి ఉండవు. అలాగని పట్టుకుని వెల్లకిలా తిప్పకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఫ్లాప్‌షెల్ మొదటి షెడ్యూల్ జీవి, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది, పట్టుకోవడమే నేరం. పైగా మెడ బాగా సాగుతుంది, కరుస్తుంది కూడా. ఫోన్ నేలకి ఆనించి వెనక నుంచి తీయండి, చాలాసార్లు రెక్కలు కనిపిస్తాయి.

ఫ్లాప్‌షెల్లే అని తేలిందా? ఇప్పుడు తలకి రండి. చూడాల్సిన ఉపజాతులు మూడు. తల మీదా డిప్ప మీదా పసుపు మచ్చలుంటే ఆండర్సోనై. ఇది సింధు, గంగా మైదానాలది. డిప్ప మీద మచ్చల్లేవు, తల మీద ముదురు చారలు స్పష్టంగా ఉన్నాయంటే విట్టాటా, మధ్య భారతం, ద్వీపకల్పం దీని చోటు. డిప్పా తలా రెండూ దాదాపు సాదాగా ఉంటే పంక్టాటా, దక్షిణాది రకం. చిక్కేమిటంటే వయసు మీద పడ్డ తాబేళ్లలో గుర్తులు మసకబారొచ్చు. అలాంటప్పుడు జాతి దగ్గర ఆగిపోవడమే నిజాయితీ.

మచ్చలూ చారలూ చూడండి కానీ, మొత్తం ఒంటి రంగుని అసలు నమ్మొద్దు. 2020 జులైలో ఒడిశా బాలాసోర్ జిల్లాలో ఒళ్లంతా పసుపు రంగులో దొరికింది కూడా ఫ్లాప్‌షెల్లే. అది వర్ణక లోపం, అంటే ఒంటికి రంగునిచ్చే పదార్థం తగ్గడం, కొత్త ఉపజాతి కాదు.

ఇక ఫ్లాప్‌షెల్ ఉండే చోటు. చెరువులు, కుంటలు, వరి మడులు, నెమ్మదిగా పారే కాలువలు, అడుగున మెత్తటి బురద ఉండాలి. లీత్‌ది ఎక్కువగా పెద్ద నదులు, రిజర్వాయర్లు. ఎండాకాలం చెరువెండితే ఫ్లాప్‌షెల్ బురదలో కూరుకుపోయి వానల దాకా కదలకుండా ఉండగలదు. అందుకే పూడిక తీసే యంత్రం దానికి పెద్ద గండం. ఎండిన చెరువులో తాబేళ్లు లేవని రాసేసే సర్వేలు కూడా ఇందుకే తప్పుతాయి. తొలి వానల తర్వాత ఒకసారి వెళ్లి చూడాలి.

గుర్తింపు కోసం ఫొటో పంపేటప్పుడు నాలుగుండాలి: పైనుంచి డిప్ప, పక్క నుంచి తల, వెనక నుంచి నేల మట్టంలో ఒకటి, చుట్టూ ఉన్న నీటి వనరు ఒకటి. ఊరు, జిల్లా, తేదీ తప్పనిసరి. అమ్మకానికి తరలిస్తుంటే పట్టుబడ్డ తాబేలైతే ఆ సంగతి కూడా రాయండి, అప్పుడు దొరికిన ఊరిని బట్టి ఉపజాతి చెప్పడం కుదరదు.